అందరికీ కనపడే చల్లపల్లి

నా చేతుల మీదుగా నింపిన గోడౌన్లలో ఏముందో చూడటానికి నాకు అనుమతి లేదని మా ఆఫీసు కంప్యూటరు చెప్పింది. పొరపాటున ఒకసారి చెప్పి ఊరుకోలేదు, అడిగినప్పుడల్లా చెప్పింది. ఇంగ్లీషులో, ఎర్ర అక్షరాలతో, నా పేరు చివర ‘గారు’ అన్న ముక్క కూడా లేకుండా చెప్పింది.

ఆ రోజుల్లో నేను కుర్రాణ్ణి. నవ్వకండి. వయసు అరవై దాటిన మాట నిజమే గాని, కంప్యూటరు ముందు కూర్చోవటం మొదలెట్టి ఎన్నాళ్లో కాలేదు, ఆ లెక్కన పాలు తాగే పిల్లాడికీ నాకూ తేడా లేదు. ఏడో తరగతితో బడికి దణ్ణం పెట్టి, పటమటలో ఒక విత్తనాల హోల్‌సేల్ కొట్లో చేరినవాణ్ణి. ఇంగ్లీషు ఎరువుల బస్తాల మీద నేర్చుకున్నాను (అందుకే ఇప్పటికీ ఎవరైనా పెద్దక్షరాల్లో రాస్తేనే నాకు అర్థమవుతుంది). ఏ ఊరి డిపోలో సరుకు తగ్గిందో కనిపెట్టి అక్కడికి లారీ పంపటం నా ఉద్యోగం. ఎలా కనిపెట్టేవాణ్ణంటే, బస్సెక్కి మంగళగిరో చల్లపల్లో వెళ్లి, బస్తాల వరస మీద చెయ్యి వేసి చూసి, డిపోవాడు పోసిన టీ తాగి వచ్చేవాణ్ణి. కాలవలకు నీళ్లు వదిలారంటే రైతు ఆగడు, నారుమడి ఆగదు. ఆ వేళకి విత్తనం డిపోలో లేకపోతే ఏడాదంతా తిట్లు తినాల్సింది నేను.

అలాంటి నన్ను ఒకనాడు మా యజమాని చిన్నబాబు లోపలికి పిలిచాడు (చిన్నబాబుకూ అప్పటికే తల నెరిసింది, కానీ వాళ్ల నాన్నగారి కాలం నుంచీ మా కొట్లో చిన్నబాబు చిన్నబాబే). డిపోల సంగతులన్నీ ఆఫీసులో కూర్చునే చూపించే సాఫ్ట్‌వేర్లు రెండు తెప్పించాననీ, రెండూ ప్రస్తుతం ఉత్తినే వాడుకోనిస్తారనీ, వాటిలో ఒకటి ఉంచుకుని రెండోదాన్ని పంపించెయ్యాలనీ చెప్పి, “కాలవలకు నీళ్లొచ్చేలోగా ఏది మంచిదో నువ్వే తేల్చు బాబాయ్. నువ్వు తేల్చకపోతే వీటిని అమ్మే హైదరాబాదువాళ్లు తేలుస్తారు. అప్పుడు లారీలు పంపే పని కూడా వాళ్ల చేతికే పోతుంది” అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు గాని, ఆ రెండో మాట నాకు అన్నం సహించనివ్వలేదు.

ముందు ఆ రెండింటినీ మా అందరికీ గోడ మీద పెద్దగా చూపించారు. మొదటిది నిండా గళ్లు. గళ్లలో అంకెలు, అంకెల కింద మళ్లీ గళ్లు. నేను దానికి గళ్లచొక్కా అని పేరు పెట్టుకున్నాను. నాలాంటివాడికి అదే తగునని మనసులో తీర్మానం కూడా చేసేసుకున్నాను. రెండోది తెరిచారు. అండీ, ఏం చెప్పమంటారు. బ్యారేజీ దగ్గర్నుంచి సముద్రం దాకా డెల్టా అంతా గోడ మీద పరుచుకుంది. కాలవలు నీలంగా, ఊళ్లు చుక్కలుగా. సరుకున్న చోట చుక్క నూనెలో వేసిన పూరీలా పొంగుతోంది, తగ్గిన చోట చప్పబడి ఎర్రబడుతోంది. చల్లపల్లి మీద బాణం పెట్టి నొక్కితే వరి విత్తనం ఎంత, జనుము ఎంత, పిల్లిపెసర ఎంత అన్నీ విచ్చుకున్నాయి. ఇన్నేళ్లు కిటికీ పక్కన సీటు కోసం కండక్టర్లతో పోట్లాడి, దుమ్ము మింగి, నేను ముక్కలు ముక్కలుగా చూసిన దేశాన్ని ఎవరో ఒక్క గుడ్డ మీద నేసి నా ముందు ఆరేశారు. లేచి నిలబడ్డానని నాకు తెలియదు. వెనకాల కూర్చున్న గుమస్తా “కూర్చోండి గురువుగారూ, మాకు మచిలీపట్నం కనపడట్లేదు” అంటే తెలిసింది.

మంచిరోజు చూసి మొదలుపెట్టాం. మానిటరుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాక, ఎవరికి ఏ అధికారమో పేర్లు ఎక్కించటం మొదలైంది. ఆ పని మా సిస్టమ్స్ అమ్మాయిది. వాళ్ల నాన్న వన్‌టౌన్‌లో తాళాలు బాగుచేసేవాడు, ఈ పిల్లేమో మా ఆఫీసులో పాస్‌వర్డులు ఇచ్చేది, అంచేత నేను తాళాలమ్మాయి అనేవాణ్ణి. వరసలో మొదటి పేరు యజమానిది వెయ్యబోతే చిన్నబాబు ఒప్పుకోలేదు. “శుభలేఖలో ముందు పెద్దల పేర్లు వేస్తాం కదమ్మా. మా నాన్న కాలం నుంచీ ఉన్న మనిషి. బాబాయ్ పేరు పైన వెయ్యి, నాది కింద” అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు. తాళాలమ్మాయి ఏదో అనబోయి, పెద్దవాళ్ల మధ్య ఎందుకులే అనుకుని ఊరుకుంది.

మర్నాడు నా బల్ల దగ్గర గళ్లచొక్కా తెరిచాను. అనుమతి లేదు. బొమ్మలది తెరిచాను. డెల్టా వచ్చింది, కాలవలు వచ్చాయి, చుక్కలు మాత్రం రాలేదు. దివిసీమ దాకా వెతికినా మాకొక్క డిపో లేదు. తాళాలమ్మాయిని పిలిస్తే ఎవరి డిపో వాళ్లకు దానంతటదే కనపడుతుంది గాని అన్నీ చూడాలంటే పైనుంచి అప్రూవల్ రావాలనీ, రెండింటికీ తలుపు ఒక్కటేననీ, ఆ తలుపు చూసుకునేది హైదరాబాదులో ఉన్న సహాయ కేంద్రమనీ, నా తరఫున అర్జీ పెడతాననీ చెప్పింది. పెట్టింది. రెండ్రోజులాగి మొహం చిన్నబుచ్చుకుని వచ్చి, “పైనుంచి అప్రూవల్ రాలేదు సార్. రిజెక్ట్ చేశారు” అంది. మళ్లీ పెట్టమన్నాను. పెట్టినప్పుడల్లా అదే జవాబు.

చల్లపల్లి డిపో చూసేది మా బావ. ఫోన్ చేసి, నీ డిపో నీకు కనపడుతోందా అని అడిగాను.

“నాకేంటి బావా, మన లారీ డ్రైవరుక్కూడా సెల్లో కనపడుతోంది. నీకు కనపడట్లేదా? శుక్లాలేమో చూపించుకో” అన్నాడు.

ఆ బాధలో నాకు మిగిలిన ఊరట ఒక్కటే. పేరు పైన వేసినందుకు ఒక పెద్దరికం వచ్చిపడింది. మా సరుకు చూస్తామని ఎవరైనా అర్జీ పెట్టుకుంటే అది నా మెయిలుకే వచ్చేది. దాంట్లో మనిషి పేరుండదు, లారీ నంబరులాంటిది ఏదో ఉంటుంది, కింద ఇవ్వాలా వద్దా అని రెండు మీటలు. ఎవడో ఒకడు, ఎప్పుడూ అదే నంబరువాడు, అన్ని డిపోలూ చూడాలని మాటిమాటికీ అడిగేవాడు. అన్నీ చూడాల్సిన అవసరం వాడికేమొచ్చింది? ఎదుటి కొట్టువాళ్ల మనిషని నాకు గట్టి అనుమానం. వచ్చినప్పుడల్లా ‘వద్దు’ నొక్కి, గోడౌను తాళంచెవి మొలలో దోపుకున్నంత నిబ్బరంగా కాఫీ తాగేవాణ్ణి. ఓసారి విసుగెత్తి, కారణం రాయమన్న చోట నాలుగు మాటలు తెలుగులో రాసి మరీ పంపాను.

బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలే కబురు పేపర్లో వచ్చింది. చల్లపల్లిలో ఏముందో నాకు తెలియదు. బస్సెక్కి వెళ్దామంటే అది ఓటమి ఒప్పుకున్నట్టు. నా పైన ఉన్నది ఒక్క చిన్నబాబే కదా, ఆపుతున్నది ఆయనే, పేరు పైన వేసి పీట కింద నుంచి లాగేశాడని నాకు నేనే తేల్చుకున్నాను. మూడు చక్రాల సైకిలు మీద నేను తోస్తే తప్ప కదలని పిల్లాడు, జ్వరమొస్తే నా భుజం మీద పడుకున్న పిల్లాడు. అవన్నీ గుర్తొచ్చి ఆయన గదిలోకి వెళ్లి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డాను.

“నన్ను పొమ్మనాలనుకుంటే నోటితో చెప్పు బాబూ. కంప్యూటరుతో చెప్పించకు.”

చిన్నబాబు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “నా దగ్గరికి నీ అర్జీ ఒక్కటి రాలేదు బాబాయ్. నేను ఆపుతానని ఎలా అనుకున్నావ్?” అన్నాడు. ఆ గొంతు విన్నాక నాకు కూర్చోక తప్పలేదు.

ఆయన కాకపోతే ఎవరు? ఆ మధ్యాహ్నమే తాళాలమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, హైదరాబాదు సహాయ కేంద్రానికి నేనే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తెలుగులో ఉత్తరం కొట్టాను. నేను పటమటలో చేరినప్పుడు మీరు పుట్టి కూడా ఉండరని మొదలుపెట్టి, నా అర్జీలు తోసేస్తున్న ఆ అధికారి ఎవరో, ఏ ఊరివాడో, పెద్దవాళ్లంటే అతనికి బొత్తిగా గౌరవం ఎందుకు లేదో రాసి పంపమని ముగించాను.

నీళ్లు చల్లపల్లి చేరే ముందే మా లారీ చేరింది. మేము ఉంచుకున్నది బొమ్మలదాన్నే, తేల్చింది నేనే. నేను ఉద్యోగం మానేసి కూడా చాన్నాళ్లయింది. ఇప్పటికీ అటు వెళ్తే చిన్నబాబు ఆ మ్యాపు తెరిచి నన్ను కూర్చోబెడతాడు. చల్లపల్లి చుక్క పొంగుతుంటే మొదటిరోజులాగే నోరు తెరుచుకుని చూస్తాను. నా పాత బల్ల అద్దం కింద హైదరాబాదువాళ్ల జవాబు అలాగే ఉంది. అది చదివితే, అంత కోపంతో తలుపు బయటా, అంత నిబ్బరంగా తలుపు లోపలా నిలబడ్డ ఆ అరవయ్యేళ్ల కుర్రాడి మీద నవ్వూ, కాస్త జాలీ వస్తాయి.

“అయ్యా, నమస్కారం. మీ అర్జీలను తిరస్కరించిన అధికారి ఎవరని అడిగారు. మీ కంపెనీ వరసలో మీకంటే పైన ఎవరూ లేనందువల్ల మీ అర్జీలన్నీ మీ దగ్గరికే వచ్చాయి. అన్నిటినీ మీరే తిరస్కరించారు. ఒకదానికి ‘ముక్కూ మొహం తెలియనివాళ్లకి మా సరుకు చూపించం’ అని కారణం కూడా రాశారు. ఇప్పుడు ఇంకొకసారి పంపుతున్నాము. ఈసారి వచ్చినది కూడా మీరే. దయచేసి లోపలికి రానివ్వండి.”