పెట్టెలో పడని టెండరు కవరు

అరవై తొమ్మిదిలో, తెలంగాణ గొడవలు జోరుగా ఉన్న రోజులవి. మేము చంపాపేటలో ఉండేవాళ్లం. మా ఆయన తాపీ మేస్త్రీ. సర్కారు బడి కప్పు మరమ్మతుకు మొదటిసారి సొంతంగా టెండరు వేశాడు. మగవాళ్లను పోలీసులు ఆపుతున్నారని, దిల్‌సుఖ్‌నగర్‌లో టెండర్లు తీసుకునే ఆఫీసు పెట్టెలో కవరు వేసి రమ్మని నన్ను పంపాడు. దారిలో రాళ్లు పడుతుంటే భయపడి వెనక్కి వచ్చేశాను. నిజం చెబితే తానే పరుగెత్తుతాడని, "ఏసొచ్చిన" అన్నాను.

మర్నాడు అందరి ముందూ కవర్లు విప్పుతారట. "నీ చెయ్యి మంచిదే, నువ్వు గూడ రా" అని నన్నూ తీసుకుపోయాడు. కవర్లన్నీ విప్పారు. మా ఆయన పేరు రాలేదు. కవర్లు విప్పింది కోస్తా నుంచి వచ్చిన గుమాస్తా. మా ఆయన అతని కాలరు పట్టుకున్నాడు.

"నా పెండ్లాం సొంత చేతుల్తోని ఏసింది. నువ్వే మాయం జేసినవ్! మీ ఆంధ్రోల్లంతా గింతే!"

జనం మూగారు. గుమాస్తా నావైపు తిరిగాడు.

"అమ్మా, మీరే చెప్పండి. కవరు ఈ పెట్టెలో వేశారా?"

కవరు మా ఇంట్లో బియ్యం డబ్బాలో ఉంది.

"ఏసిన సారూ" అన్నాను.

అంతే, దెబ్బలు పడ్డాయి. కళ్లద్దాలు పగిలాయి. "నా పిల్లల మీద ఒట్టు, నేను తీయలేదు" అంటూనే ఉన్నాడా మనిషి.

మా ఆయన పోయేదాకా అతణ్ణి తిట్టాడు. పక్కన కూర్చుని నేను ఊ కొట్టాను. చదువు రానిదాన్ని, ఇప్పుడు మనవరాలితో ఇది రాయిస్తున్నాను. ఆ గుమాస్తా పేరైనా నాకు తెలియదు. తెలిస్తే ఈ ఉత్తరం ఆయనకే పంపేదాన్ని.