బావ ఎంచుకున్న పెద్ద డొప్పలు

మొన్న మంచిర్యాల బస్సులో పక్కనున్న అమ్మాయిని "కొంచెం జరుగు బిడ్డా" అన్నాను. చెవుల మీద గుండ్రటి డొప్పల హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఆ పిల్ల నావైపు చూసి చక్కగా నవ్వింది కానీ అంగుళం జరగలేదు. నాకు కోపం రావలసింది, రాలేదు. మాట వినపడనప్పుడు నవ్వే ఆ నవ్వు నాకు బాగా తెలుసు. అది మా బావ నవ్వు.

మా అక్కను చేసుకుని గోదావరిఖని కంపెనీ క్వార్టర్‌కు తీసుకుపోయిన బావ, ఎదుటివాళ్ల మాట నేల పడనిచ్చే మనిషి కాదు. నేనొకటంటే తను రెండు అనేవాడు. నా వంటను వదల్లేదు, నా నడకను వదల్లేదు, నన్ను చూసిపోయిన పెళ్లికొడుకులను అసలే వదల్లేదు. బొగ్గుబాయిలో డ్రిల్లు మిషను మీద ఆయన పని. పని మొదలుపెట్టే ముందు పైకప్పును ఇనుపకడ్డీతో తట్టి, చప్పుడును బట్టి రాయి నిలుస్తుందో ఊడిపడుతుందో చెప్పేవాడట. ఆ మిషను మోతే మెల్లమెల్లగా ఆయన చెవులు తినేసింది. రిటైరయ్యే నాటికి నా ఎత్తిపొడుపులకు జవాబు మానేసి నవ్వడం మొదలుపెట్టాడు. చెవిటివాడి ముందు శంఖం అనే సామెత మా ఇంట్లో ఇప్పుడెవరూ అనరు. చెవి మిషను పెట్టుకోమంటే "నేనేమన్న చెవిటోన్నా?" అని లేచిపోయేవాడు.

హెడ్‌ఫోన్లయితే లోకమంతా పెట్టుకుంటోంది, నామోషీ ఉండదు, సౌండు పెంచితే వింటాడు, మళ్లీ నాతో తగువుకు దిగుతాడు అనుకుని బజారుకు తీసుకుపోయాను. దుకాణదారు ఓపికున్న మనిషి. పాడైన జత ఒకటి విప్పి చూపించాడు. లోపల చిన్న అయస్కాంతం, సన్నటి తీగచుట్ట, ఉల్లిపొరంత పల్చటి పొర. కరెంటుకు తీగ వణికితే పొర వణుకుతుంది, పొర గాలిని కదిలిస్తుంది, అదే పాట. చెవిలో దూర్చేవి, చెవిని మూసేవి, చెవి ముందు ఎముకకు ఆనించేవి అన్నీ ముందు పరిచాడు. "మరి చెవుల నరమే పోతే?" అన్నాను మెల్లగా.

"గీ పొర వోతే నేను మారుస్తనక్కా. చెవుల నరం వోతే నేనేం జెయ్యాలె? గది దవాఖాన ముచ్చట" అన్నాడు.

బావ అన్నీ పెట్టి చూశాడు. ప్రతిదానికీ "మంచిగుంది" అన్నాడు. చివరికి అన్నిటికంటే పెద్దవి, ఎర్రటి డొప్పలున్నవి తీసుకుని, పాత అలవాటున గోరుతో తట్టి, నావైపు చూశాడు. "చప్పుడు మంచిగుందా మరదలా?" బాయి పైకప్పు చప్పుడును బట్టి రాయి సంగతి చెప్పిన మనిషి నన్ను అడుగుతున్నాడు. "మంచిగుంది బావా" అన్నాను.

తర్వాత ఒకసారి పోయేసరికి డొప్పలు పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. "ఏం బావా, పెండ్లికొడుకు లెక్క తయారైనవ్?" అన్నాను. చెయ్యెత్తి ఆగమని, డొప్పలు తీసి, "పాటల ఉన్ననే, ఇనలే. మళ్ల జెప్పు" అన్నాడు. గట్టిగా చెప్పాను. నవ్వాడు. దారిన పోయేవాళ్లూ అంతే, డొప్పలు చూసి చెయ్యూపి, ఆయన తీసేదాకా ఆగి, గట్టిగా రెండోసారి చెబుతున్నారు. నాకు సంతోషమేసి లోపలికి పోయి, "మస్తు పాటలు ఇంటున్నడే అక్కా" అన్నాను. అక్క అలమారలోంచి ఆ హెడ్‌ఫోన్ల డబ్బా తీసింది. ఛార్జింగు వైరు కొన్ననాటి చుట్టలోనే, రబ్బరు బ్యాండు కూడా తీయకుండా ఉంది.

"ఛార్జింగు ఒక్కపారి గూడ పెట్టలే. నాకెరుకైనట్టు ఆయనకు తెల్వది. నువ్వనకే" అంది.

అనలేదు. ఇప్పటికీ పోయినప్పుడల్లా బావను ఏదో ఒకటి అంటాను. ఆయన డొప్పలు తీస్తాడు, మళ్లీ అంటాను, నవ్వుతాడు. కాలం ఏదీ రెండోసారి చెప్పదు. నేను చెబుతాను, చెప్పి, జవాబు వస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడతాను.