జొన్న ఎట్ల లేచింది అని అడిగిన మేడం

భూపాలపల్లిలో మా డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో పిల్లలకు ఉల్లిపొర తీయడం చూపిస్తుండగా ఫోన్ మోగింది. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి, మేడం చెల్లెలి కొడుకు.

"అక్కా, పెద్దమ్మ పొద్దుగాల పోయింది. చాయ తాగి కప్పు పక్కకు వెట్టి, గట్లనే ఒరిగింది" అన్నాడు.

"ఏమన్న బాధ పడ్డదా తమ్మీ?"

"లేదక్కా. రాత్రి గూడ నన్ను మంచిగ తిట్టింది."

అమ్మయ్య అనుకున్నాను. తిట్టారంటే ఆఖరుదాకా ఆరోగ్యంగానే ఉన్నట్టు. మానుకోట జూనియర్ కాలేజీలో నాకు రెండేళ్లు బాటనీ చెప్పిన మేడం ఆవిడ. తొంభైకి ఒకటి రెండేళ్లు తక్కువ. ఏడ్చి ఏడిపించడానికి ఈ నాలుగు మాటలు రాయడం లేదు. పదేళ్ల వయసులో పుట్టిన ఒక ప్రశ్నను పట్టుకుని, దాని అంతు చూసి మరీ పోయిన మనిషి మా మేడం. అది చెప్పుకోకపోతే నాకు తిన్నది అరగదు.

ఇంటర్ మొదటి రోజు మేడం క్లాసుకు పుస్తకం తేలేదు. చంకలో ఒక కుండీ, కుండీలో మోకాలెత్తు జొన్న మొక్క. బల్ల మీద కుండీని అడ్డంగా పడుకోబెట్టి, "దీన్ని ఎవ్వలు ముట్టొద్దు. కర్ర ఆసరా వెట్టిండ్రంటే చేతులు ఇరుగుతయి" అని చెప్పి వెళ్లిపోయారు. నాలుగు రోజులకు ఆ మొక్క కణుపు దగ్గర మోకాలిలా వంగి పైకి లేచింది. మేం నోరెళ్లబెట్టాం. అప్పుడు మొదలుపెట్టారు కాండం పాఠం.

మాది కొత్తగూడ దగ్గర తండా. ఇంట్లో మా భాష వేరు, తెలుగు బడిలో నేర్చుకున్నదే. క్లాసులో లేచి నిలబడితే నా మాటకు వెనక బెంచీలు కిసుక్కుమనేవి. ఒకరోజు మేడం సుద్దముక్క కింద పెట్టి వాళ్ల వైపు తిరిగారు. "మీకొక్క భాష సక్కగ రాదు. గీ పిల్లకు రెండొస్తయి. నవ్వేదేమన్న ఉంటే ఆమె నవ్వాలె" అన్నారు. ఆ తర్వాత నేను నోరు మూసుకున్నది లేదు. మా ఇంట్లో వాళ్లు ఇప్పటికీ ఆవిడ్నే అంటారు, దీన్ని చెడగొట్టింది ఆ మేడమే అని.

ఇంతకూ ఆ జొన్న సంగతి. ప్రతి బ్యాచ్‌కీ చెప్పేవారు, చెప్పిన ప్రతిసారీ కొత్తగా చెప్పేవారు.

మేడం పుట్టింది జనగామ దగ్గర పల్లెలో. సాయుధ పోరాటం నడుస్తున్న రోజులు. ఆవిడకు పదేళ్లు. ఆవిడ అన్న దళంలో ఉన్నాడు. కాలికి తూటా తగిలి నడవలేక, వాళ్ల జొన్న చేను నడుమ పడుకున్నాడు. పొట్టకొచ్చిన జొన్న, మనిషి మునిగేంత ఎత్తు. తల్లి మీద దొర మనుషుల కన్ను ఉంది కాబట్టి అన్నకు తినడానికి గటక, నీళ్లు, కప్పుకోవడానికి గొంగడి తీసుకుపోయే పని ఈ పిల్లకు పడింది. అన్నీ గొంగట్లోనే మూటగట్టింది కానీ ఎత్తలేకపోయింది. ఈడ్చుకుంటూ పోయింది. వాన పడి నేల మెత్తగా ఉంది. మూట పోయిన దారి పొడుగునా జొన్న ఒరిగిపోయింది.

తిరిగొస్తూ చూసుకుంటే ఏముంది! గట్టు నుంచి అన్న పడుకున్న చోటు దాకా తిన్నగా బాట పడి ఉంది. మా వైపు గాలివానకు జొన్న పడితే నాలుగేసి జొన్న కర్రలు నిలబెట్టి, వాటి ఆకులతోనే ముడేసి కడతారు. రైతు ఇంటి పిల్ల కదా, ఆమె కూడా అదే చేసింది. ఒక్కొక్క కర్రా లేపి, కట్టలు కట్టుకుంటూ పొద్దు గడిపింది. సాయంత్రం తల్లి వచ్చి చూసి చెంప ఛెళ్లుమనిపించింది.

"పిచ్చిదానా! గాలికి పడితే మడి మొత్తం పడ్తది గని, గిట్ల తొవ్వ లెక్క పడ్తదా? గీ కట్టలు పట్టుకుంట పోతే గుడ్డోడు గూడ మీ అన్న కాడికి పోతడు గదనే!"

తల్లీ కూతుళ్లు కూర్చుని ప్రతి ముడీ విప్పారు. విప్పగానే జొన్న మళ్లీ ఒరిగింది.

"మరెట్లనే అవ్వా?" అని ఏడ్చిందట పిల్ల.

"ఇడ్సిపెట్టు. పచ్చి కర్ర, దానంతటదే లేస్తది. దొర మనుషులచ్చేలోపు లేస్తే మీ అన్న బతుకుతడు, లేకుంటే లేదు" అన్నది తల్లి.

తర్వాతి రెండు రోజులూ పిల్ల గట్టు మీద కలుపు తీస్తున్నట్టు కూర్చుని జొన్ననే చూసింది. మూడో రోజు పగటిపూట గుర్రాల మీద తుపాకులవాళ్లు వచ్చారు. గుర్రం మీంచి చేనంతా కలయచూశారు. కొసలన్నీ ఒక్క తీరుగా, నీళ్లు నిలిచినట్టు సమంగా ఉన్నాయి. వంకర తిరిగిన కణుపులు అడుగున ఆకుల చాటున ఉండిపోయాయి. వాళ్లు పక్క ఊరికి మళ్లారు. అన్న బతికాడు. బతకడమేమిటి, ముసలివాడై మనవరాళ్లతో కొట్లాడి మరీ పోయాడు.

ఈ కథ ఇక్కడ ఆగితే మేడం బాటనీ దాకా వచ్చేవారు కాదు. అన్న బతికాడని ఊరంతా సంతోషిస్తే, ఈవిడ మాత్రం జొన్న ఎట్ల లేచింది అని అందరి ప్రాణం తీసింది. తల్లి దేవుడంది. బళ్లో పంతులు ఎండ కోసం అన్నాడు. డిగ్రీలో కోస్తా నుంచి వచ్చిన ఒక లెక్చరర్ ఉండేవాడట. కాండం అడ్డంగా పడితే ఆక్సిన్ అనే హార్మోను కింది వైపు చేరుతుంది, అక్కడి కణాలు ఎక్కువ సాగుతాయి, అందుకని కాండం పైకి వంగుతుంది అని ఆయన చెప్పాడు. ఈవిడ లేచింది. "కణం సుట్టూ గట్టి గోడ ఉంటది గద సార్, మరి గోడ ఎట్ల సాగుతది? దాన్ని వదులు చేసేదెవలు?" అని అడిగింది. "ముందు భాష నేర్చుకుని రామ్మా" అన్నాడాయన. క్లాసంతా ఘొల్లుమంది. నాకైతే ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. మేడం మాత్రం, "పాపం, ఆయనకు జవాబు తెల్వదు. తెల్వదనే మాట నోట రాలే" అనేవారు.

ఆ రోజుల్లో పుస్తకాల్లో కణకవచం, అంటే ఆ గోడ, నిర్జీవం అని ఉండేది. మేం అదే రాస్తే మేడం అర మార్కు కోసేవారు. ఒక తండ్రి కాలేజీకొచ్చి లొల్లి పెట్టాడు. "పుస్తకంల ఉన్నదే రాసిండు గదా మేడం!" అంటే, "పుస్తకం జొన్న చేను సూడలే, నేను సూసిన" అన్నారు. కాండం పాఠం అయిపోయిందని హాజరు పుస్తకంలో ఏనాడూ రాయలేదు. ప్రిన్సిపాల్ అడిగితే, "సగం తెల్వని పాఠం అయిపోయిందని ఎట్ల రాయాలె సార్" అనేవారు.

నేను హైదరాబాద్‌లో పరిశోధనలో చేరేనాటికి జవాబు వచ్చేసింది. కణకవచంలో కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. ఆక్సిన్ వల్ల గోడకు కాస్త పులుపు తగిలితే ఎక్స్‌పాన్సిన్ అనే ప్రోటీను గోడలోని పోగుల పట్టు సడలిస్తుంది. లోపలి నీటి ఒత్తిడికి గోడ సాగుతుంది, కాండం పొడుగవుతుంది. ఎదుగుదల అయ్యాక ఎక్స్‌టెన్సిన్ లాంటివి గోడను బిగించేస్తాయి. ఇదంతా ఫోన్‌లో మేడానికి చెప్పాను.

"నువ్వు సదివి చెప్పినవు, నేను నమ్మిన. గని నాకు సూపియ్యాలె బిడ్డా. ఎడమ కన్ను పోయింది. కుడిది గూడ ఎక్కువ రోజులు ఉండదని డాక్టర్ అన్నడు. జర జల్ది రా."

ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. సామాను సర్దుకుని స్టేషన్ ఘన్‌పూర్‌లో మేడం ఇంట్లో దిగాను. చీకట్లో మొలిపించిన జొన్న మొలకల కాడలు కోశాను. గడ్డకట్టించి కరిగించాను, అంటే లోపలి ప్రాణం పోయి గోడలు మాత్రమే మిగిలాయి. వాటిని మరిగే నీళ్లలో ముంచి తీస్తే గోడలోని ప్రోటీన్లు కూడా పనికిరాకుండా పోతాయి. అలాంటి కాడకు పై కొసన బిగింపు, కింది కొసన చిన్న బరువు. కదలిక ఎన్నో రెట్లు పెద్దగా కనబడాలని, బరువు కాస్త దిగినా కొస ఎక్కువగా దిగేలా పొడుగాటి చీపురుపుల్లను గడియారం ముల్లులా కట్టి, వెనక గోడకు తెల్ల కాగితం అంటించాను. పులుపు నీళ్లు పోస్తే ముల్లు కదల్లేదు. అక్కడిదాకా సరే. పచ్చి మొలకల గోడల నుంచి తీసిన ప్రోటీను కలిపాను. ఇప్పుడు కదలాలి.

కదల్లేదు. మేడం భూతద్దం పట్టుకుని గంటసేపు కూర్చున్నారు. రెండో కాడ, మూడో కాడ, అంతే. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. కళ్లు మసకబారుతున్న మనిషిని ఊరించి మోసం చేశానే అని ఏడుపొచ్చేసింది.

మేడం ట్రేలోంచి ఒక మొలక తీసి, కింది నుంచి పైకి బొటనవేలితో మెల్లగా తడుముకుంటూ పోయారు. "యాడ కోసినవే?"

"కింద మేడం. అక్కడ లావుగా ఉంది, పట్టు బాగా దొరుకుతుందని..."

"ఓసి నీ సదువు సల్లగుండ! అడుగు ముదిరింది. ముదిరిన గోడ ఎవ్వలు చెప్పినా ఇనదు. గిక్కడ కొయ్యి, గిక్కడ" అని కొస కింద మెత్తటి చోట గోరు ఆనించారు.

నాలుక కరుచుకున్నాను. పరిశోధన చేస్తున్నది నేను, మరిచిపోయిందీ నేనే. అక్కడ కోసి, గడ్డకట్టించి, ముంచి, బిగించి, మళ్లీ మొదలుపెట్టేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. పులుపు నీళ్లకు ముల్లు కదల్లేదు. ప్రోటీను పోశాను.

"కదిలింది" అన్నారు మేడం, నాకంటే ముందు.

నిజంగానే దిగుతోంది. వెంట్రుకవాసి, ఇంకో వెంట్రుకవాసి. మేడం పెన్ను లాక్కుని ముల్లు కొస దగ్గర గీత పెట్టారు. కాసేపటికి దాని కింద ఇంకొకటి. "పోతున్నదే! చచ్చిన కర్ర బిడ్డా, పోతున్నది!" అని పెద్దగా నవ్వుతూ వాకిట్లోకి కేకేసి ఇరుగుపొరుగును పిలిచారు. బీడీలు చుట్టే అక్కలు, పాలాయన, అందరూ వచ్చి ఒక చీపురుపుల్ల ముందు వంగి నిలబడ్డారు. వాళ్లకు ఏం అర్థమైందో నాకు తెలియదు కానీ, మేడం ముఖం చూసి చప్పట్లు కొట్టారు.

ముల్లు కాగితం చివరికొచ్చింది. కొత్తది అంటిద్దామని నేను చెయ్యి చాచాను. "ముట్టకు, పోనియ్!" అని కసిరారు. పొయ్యి దగ్గర నుంచి బొగ్గుముక్క తెచ్చుకుని, ఉన్న ఒక్క కన్నూ ముల్లుకు ఆనించి, కాగితం దాటి సున్నం గోడ మీదే ఒకదాని కింద ఒకటి గీతలు పెట్టుకుంటూ, నేల మీద మోకాళ్లు ఆనేదాకా వంగిపోయారు.