ఎనిమిది మూడ్లు, ఒక ఒకటి

లెక్కల్లో ఎమ్మెస్సీ పూర్తయిన ఏడు, చౌటుప్పల్ వైపు నుంచి నాకొక సంబంధం వచ్చింది. అబ్బాయి, అతని తల్లిదండ్రులు వచ్చారు. చూపులైపోయి లేవబోతుండగా, ఎల్బీనగర్ చౌరస్తాలో తెలంగాణ కోసం రాస్తారోకో మొదలైందని తెలిసింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు. "గిప్పుడు ఏడికి పోతరు, తిని పోదురు" అంటూ అమ్మ బియ్యం కడిగింది.

అంతసేపు ఏం మాట్లాడుకోవాలో ఎవరికీ తోచలేదు. నాన్నకు దిల్‌సుఖ్‌నగర్‌లో పోచంపల్లి చీరల దుకాణం. నూలు ధరలూ చీరలూ అన్నీ అయిపోయాక మాటను నా మీదికి మళ్లించాడు.

"లెక్కలల్ల మా బిడ్డ మాటకు తిరుగులేదు. ఏదన్న చెప్పు బిడ్డా, వింటరు."

పాత క్యాలెండర్ కాగితం వెనక 31, 331, 3331 అని రాస్తూ పోయాను. ఇవన్నీ ప్రధాన సంఖ్యలనీ, ఒకటితో, వాటితో తప్ప దేనితో భాగించినా శేషం మిగులుతుందనీ చెప్పాను. ఏడు మూడ్ల దాకా నిజమని ఎక్కడో చదివాను. అక్కడ ఆగితే సరిపోయేది.

"ఒకటి ముందర ఎన్ని మూడ్లు పెట్టినా గింతే" అన్నాను.

అబ్బాయి కాగితం వైపు వంగాడు. "ఎన్ని పెట్టినానా?" అన్నాడు.

"ఎన్ని పెట్టినా."

అతను పెన్ను అడిగి తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. 333333331. ఏడు, పదకొండు, పదమూడు, ఒక్కోదానితో భాగించుకుంటూ పోయాడు. అమ్మ కూర దించేసరికి తలెత్తి, మెల్లగా, "పదిహేడుతోని సరిగ్గ పోతున్నది" అన్నాడు.

"అట్లెట్ల పోతది?" నాన్న నవ్వాడు. "మీరే యాడనో తప్పు చేసిన్రు. మా బిడ్డ చూస్తది."

చూశాను. పదిహేడును 19607843తో గుణిస్తే సరిగ్గా అదే వస్తోంది. నాన్న సంచిలోంచి దుకాణం క్యాలిక్యులేటర్ తీసి తనే నొక్కాడు. మళ్లీ నొక్కాడు. దశాంశ చుక్క రాలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

భోజనాల దగ్గర ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి నవ్వినా బాగుండేది. వడ్డిస్తూనే లోపల మళ్లీ లెక్క వేసుకున్నాను. పదితో గుణించుకుంటూ పోతే, పదిహేడుతో భాగించగా వచ్చే శేషాలు పదహారు మెట్లకొకసారి మొదటికి వస్తాయని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ లెక్కన ఇంకో పదహారు మూడ్లు చేర్చినా పదిహేడు మళ్లీ భాగిస్తుంది. తెలిసిన సూత్రమే. ఆ సంఖ్య దాకా తీసుకురాలేదంతే.

సాయంత్రం రోడ్డు తెరిచారు. గేటు దగ్గర నాన్న అబ్బాయి చెయ్యి పట్టుకున్నాడు. "ఏమనుకోకున్రి. తొందరపడి మిమ్ములనే తప్పన్న."

"అయ్యో, దాంట్ల ఏమున్నది" అన్నాడతను.

తలుపు వెనక నిలబడి విన్నాను. నా మూలంగా నాన్న తనకంటే చిన్నవాణ్ణి క్షమాపణ అడగాల్సి వచ్చింది.

వారం తిరక్కుండానే వాళ్లకు ఇష్టమేనని కబురొచ్చింది. ఉద్యోగం చేసుకుంటానని వద్దన్నాను. అతని ఎదుట మళ్లీ కూర్చునే ధైర్యం లేకపోయింది. నాన్న కారణం అడగలేదు. తర్వాత ఎప్పుడైనా దుకాణానికి వచ్చినవాళ్లు నా గురించి అడిగితే, చీర మడతపెడుతూ, "ఏదో సదువుకున్నది" అనేవాడు.