పొయ్యి ఊదిన జపాన్ తుపాకీ

ఈరోజు పోర్ట్ బ్లెయిర్‌లో ఒక మ్యూజియంకి వెళ్లాను. అద్దం వెనక యుద్ధకాలంలో మన దీవుల్ని ఆక్రమించిన జపాన్ సైనికుల రైఫిల్ కనపడగానే, పక్కన జనం ఉన్నారని కూడా చూడకుండా నవ్వేశాను. మా ఊరు హోప్ టౌన్ నేస్తాల్లారా, మా నానమ్మ ఊదుగొట్టం గుర్తుందా?

యుద్ధమయ్యాక ఎప్పుడో తాతయ్య వలలో పడిన తుపాకీ అది. చెక్కంతా కుళ్లిపోగా మిగిలిన ఇనుప గొట్టంతో నానమ్మ పొయ్యి ఊదేది. తూటా పెట్టే వెడల్పు వైపు తన నోటికి, సన్నటి మూతి నిప్పుకి. మా ఇంట్లో దాని పేరు మాత్రం తుపాకీయే.

ఓ సాయంత్రం "ఒలే, తుపాకీ అట్టుకురాయే!" అని నానమ్మ నాకు కేకేసింది. వీధిలో పోతున్న కొత్త కానిస్టేబుల్ తమిళుడు. తుపాకీ వాళ్ల భాషలోనూ తుపాకీయే కదా! "బందూక్ కహాఁ హై?" అని హిందీలో తుపాకీ ఎక్కడని అడుగుతూ లోపలికొచ్చేశాడు. అమ్మ నా చెయ్యి పట్టి వెనక్కి లాక్కుంది. నానమ్మ మాత్రం మసి గొట్టం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. తిప్పి చూస్తే బూడిద రాలింది.

"అరే అమ్మా, ఇస్‌సే తో చాయ్ బనేగా!" అని, దీంతో అయ్యేది టీయేనంటూ పగలబడి నవ్వి, తనే పొయ్యి ఊది, టీ తాగి వెళ్లాడు.

అప్పటిగ్గానీ అమ్మ నా చెయ్యి వదల్లేదు. నానమ్మ గొట్టం తుడుచుకుంటూ అంది:

"నా సిన్నప్పుడు జపానోలు ఇలాటి గొట్టమే మా అయ్య గుండెల మీద ఎట్టినారు. ఏటనుకున్నారో, ఒగ్గేసినారు. ఆ దినం బిగబట్టిన ఊపిరేనే, రోజూ దీన్లోకి ఒదుల్తన్నాను."