ముక్కు లారీకి ఎద్దుల బేరం

పెబ్బేరు సంతలో దశరథం నోరు తెరిస్తే ముసలెద్దుకు కూడా కొత్త పళ్లొస్తాయని ఆయన భార్య వెంకటమ్మ అంటుంది. అది పొగడ్త కాదు. దశరథం పశువుల దలారి. అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ నిలబడి, ఇద్దరి చేతులూ కలిపి, ఇద్దరి దగ్గరా దలారీ తీసుకోవడం ఆయన పని. కుంటి ఎద్దును "నిదానం తెలిసిన జీవం" అంటాడు. కుమ్మే ఎద్దును "రోషమున్నది" అంటాడు. మేత ముట్టనిదాన్ని "ఖర్చు తక్కువ" అంటాడు.

ఇప్పుడు ఆ నోటికి పని తగ్గింది. ట్రాక్టర్లు ఎద్దుల్ని మింగాయి. ట్రాక్టర్లు కొన్నవాళ్లను ఫైనాన్సులు మింగాయి. రైతు బాగుపడ్డాడని మాత్రం వచ్చిన ప్రతి ప్రభుత్వమూ బోర్డు పెట్టింది. సంతలో మిగిలినవి గొర్లూ మేకలూ. వాటిని ఎవరూ పొగడనక్కర లేదు, తూకమేస్తే చాలు. మాటతో బతికినవాడికి కాటా ఒక శత్రువు.

కోడేరులో దశరథం ఇంటి ముందు ఆయన సొంత ఎద్దుల జత ఒకటుంది. నల్లెద్దు మంచిది. తెల్లెద్దుకు ఒక ఐబుంది. ఐబంటే లోపం. కాడి మెడ మీద పెట్టి నాలుగు సాళ్లు దున్నగానే అది నడిచేలో పడుకుంటుంది. కొట్టినా లేవదు, బతిమాలినా లేవదు. దానికి బుద్ధి పుట్టినప్పుడే లేస్తుంది.

ఇంత పేరున్న దలారి ఆ ఎద్దును ఎట్లా కొన్నాడంటే, అమ్మినవాడు నిజం చెప్పాడు గనుక. "పండుకుంటది కాకా" అని ఆ రైతు మొహం మీదే చెప్పాడు. సంతలో ఎవడూ నిజం చెప్పగా వినని దశరథం, జత విడదీసి అమ్మడం ఇష్టం లేక ఆ రైతు ఆడుతున్న నాటకమనుకుని వెంటనే కొనేశాడు. ఇక వాపసు లేదు. సంత కట్టుబాటు అది. ఐబు చెప్పి ఇస్తే పశువు తిరిగిరాదు. దాచి ఇస్తే, వారంలోపు బయటపడ్డప్పుడు తోలుకొచ్చి అమ్మినవాడి గుంజకు కట్టేసి పోవచ్చు.

ఆ జతను ఇచ్చి లారీ తెచ్చుకుంటానని దశరథం అన్న రోజున ఆ ఇంట్లో పొయ్యి మీద పప్పు మాడింది.

వనపర్తిలో మధుసూదన్ అని ప్లాట్లమ్మే మనిషి ఉన్నాడు. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలో రాళ్లు పాతి, రోడ్డొస్తది, కరెంటొస్తది, కాలేజొస్తది అని అమ్ముతాడు. వానాకాలంలో నీళ్లు మాత్రం చెప్పకుండానే వస్తాయి. ఆయన ఒక పాత ముక్కు లారీ కొని బాగుచేయించడం మొదలుపెట్టి, విసుగొచ్చి నడుమలో ఆపేశాడు. ఇప్పుడు ఫామ్‌హౌజ్‌లో కట్టేయడానికి ఆయనకు ఎద్దుల జత కావాలట, లారీ ఇచ్చేస్తాడట. ఫోన్‌లో ఆ బొమ్మ చూసినప్పటి నుంచి దశరథం సరిగ్గా తినడం లేదు. ఇప్పటి మొండి మూతి లారీలు కావవి. ఇంజన్ ముందుకు పొడుచుకొచ్చి, నిజంగానే ముక్కున్నట్టు ఉండేవి. ఆయన చిన్నప్పుడు పాలమూరు కూలీలను ఆనకట్టల పనులకు మోసుకుపోయింది ఆ ముక్కు లారీలే. వెనుక తట్టలు, పారలు, జనం. ముందు క్యాబిన్‌లో డ్రైవరూ గుంపు మేస్త్రీ. వెనుక ఎక్కినవాళ్లలో దశరథమూ ఉన్నాడు, తల్లి కొంగు పట్టుకుని. ఆ క్యాబిన్‌లో ఒక్కసారి కూర్చోవాలన్నది అప్పుడు పట్టిన పిచ్చి.

"లారీ ఏం చేస్తవు?" అంది వెంకటమ్మ.

"గడ్డి కొడ్త. కాలువల కింద వరిగడ్డి కాలవెడుతున్నరు. మన దిక్కు పశువులకు పోచ లేదు. ఆడ ఎత్తి ఈడ దించుడే."

"నడపనీకె వస్తదా నీకు?"

"డ్రైవర్‌ను పెట్టుకుంట."

"మరి నువ్వేం చేస్తవు?"

"క్యాబిన్ల కూసుంట."

"కూసునేటందుకా ఎద్దులిచ్చేది? అరుగు మీద కూసో. ఫిరీ."

అయినా తెల్లారి బస్సెక్కింది. మొగుడు ఒక్కడే పోతే ఎద్దులతో పాటు తననూ జతచేసి ఇచ్చి వస్తాడేమోనని భయం అంది.

మధుసూదన్ షెడ్డు వనపర్తి చివర, కొత్తకోట రోడ్డు మీద ఉంది. లారీ ముక్కు తలుపులోంచి బయటికి చూస్తోంది. ఎర్రటి రంగు, తెల్లటి గీతలు, అద్దంలా మెరిసే లైట్లు. క్యాబిన్ మీద నెమలి బొమ్మ కూడా వేయించాడు. వెనుక భాగం మీద పెద్ద పరదా కప్పి ఉంది. దశరథం కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"ఏం పాడువడ్డది నీకు, పెండ్లిచూపులకొచ్చినట్టు సిగ్గువడుతున్నవ్" అని వెంకటమ్మ మోచేత్తో పొడిచింది.

"రా కాకా, రా" అన్నాడు మధుసూదన్. "చానా మంది అడుగుతున్నరు. సోమశిల కాడ నిలవెట్టి, గద్వాల చీర కట్టిన పెండ్లికూతుర్ను ఈ ముక్కు మీద కూసోవెట్టి ఫోటోలు తీస్తె ఎట్లుంటది చెప్పు! కానీ నాకు టైం లేదు. నీ ఎద్దుల ముచ్చట చెప్పు ముందుగాల."

దశరథం గొంతు సవరించుకున్నాడు. మాటలు నాలుక చివర వరుసగా నిలబడ్డాయి. తెల్లెద్దు శాంతం, ఓపిక, తొందరపడని గుణం. నోరు తెరిచి మళ్లీ మూశాడు. దాచితే ఏమవుతుంది? ఈ ప్లాట్ల మనిషికి సంత కట్టుబాటు ఎవరో ఒకరు చెప్తారు. వారం తిరగకముందే ఎద్దులు కోడేరుకొస్తాయి, లారీ వనపర్తికి పోతుంది. వారం రోజుల క్యాబిన్ ఆయనకు చాలదు. లారీ ఇంట్లో నిలబడాలంటే ఐబు చెప్పాలి. బతుకులో ఎన్నడూ చేయని పని. ఆయనకు చెమట పట్టింది. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"ఏమైంది కాకా, దవాఖానకు పోదమా?" అన్నాడు మధుసూదన్.

"తెల్లెద్దు..." అన్నాడు దశరథం. "తెల్లెద్దు పండుకుంటది సారూ. నాలుగు సాళ్లు దున్నంగనే. కొట్టినా లేవదు."

వెంకటమ్మ మొగుడి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. మధుసూదన్ పగలబడి నవ్వాడు.

"గంతేనా! నాకేం దున్నుడున్నది కాకా? ఆదివారం ఆదివారం హైదరాబాదు నుంచి మనుషులొచ్చి పక్కన నిలవడి ఫోటోలు దిగుతరు. పండుకుంటె ఇంకా మంచిదే, పిల్లలు భయపడరు."

దశరథానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సంతలో అబద్ధాలు పోగేసి ఒక్కో ఎద్దును నిలబెట్టాడు. నిజం ఇంత సులువుగా అమ్ముడుపోతుందని ఎవరూ చెప్పలేదు.

"మా ఐబు చెప్పినం. ఇగ మీది చెప్పుర్రి సారూ" అంది వెంకటమ్మ.

"లారీకి ఐబేంది పెద్దమ్మా? అంత ఒరిజినల్."

"గట్లనా? మరి నోరు తెరిపించు, పండ్లు చూస్త."

మధుసూదన్ తాళం ఎక్కడో ఉందన్నాడు. ఆమె తాళం అడగలేదు. ముక్కు పక్కనున్న రేకు పట్టి గుంజింది. కిర్రుమని తెరుచుకుంది. లోపల ఇంజన్ ఉండాల్సిన చోట గడ్డి పరుచుకుని ఒక కోడి పొదుగుతోంది. అది వెంకటమ్మను కోపంగా చూసింది.

"కోడి నాది కాదు" అన్నాడు మధుసూదన్.

"ఇంజనేది?"

"కర్నూలు మెకానిక్ తీస్కపోయిండు. వస్తది."

"నీ ప్లాట్ల కాడికి రోడ్డొచ్చినట్టా?"

ఆ ఊపులో ఆమె వెనుక పరదా కూడా లాగింది. కింద రెండు పొడుగాటి ఇనుప దూలాలు, నాలుగు టైర్లు. ఇంకేమీ లేదు. చెక్క బాడీ లేదు, పక్క పలకలు లేవు. ఆ లారీకి ముక్కు, క్యాబిన్, అంతే. మిగతాదంతా వచ్చేదే.

"చెప్పిన కద" అన్నాడు మధుసూదన్, ఏమీ చెప్పకుండానే. "ఇప్పుడైతె అన్నీ తెరిసి చూసుకుంటిరి. రేపు వాపసంటె నడవదు. కావాల్నో వద్దో ఈడనే తేల్చుకోండ్రి."

దశరథం తలుపు పట్టుకుని క్యాబిన్‌లోకి ఎక్కాడు. స్టీరింగ్ పెద్దది, నల్లగా మెరుస్తోంది. దాని మీద చేతులేసి ఊరుకున్నాడు. ఇంజన్ లేని లారీ గడ్డి మోయదు. బాడీ లేని లారీకి గడ్డి ఎక్కడ పెడతారు? అరక పోతుంది, నల్లెద్దు పోతుంది, సంతలో మొహం పోతుంది. ఇదంతా ఆయనకు తెలుసు. దిగాలి. కాళ్లు దిగడం లేదు.

వెంకటమ్మ అవతలి తలుపు తెరిచి, చీర ఎగగట్టి పక్కనెక్కి కూర్చుంది.

"దిగుతవా, నూకాల్నా?"

"డ్యాం పనికి పోయేటప్పుడు ఒకనాడు వాన దంచింది" అన్నాడు దశరథం. "మా అమ్మ, నేను, ఊరి జనమంత ఎన్కల. పరదా సుత లేదు. జరమొచ్చి నేను వణుకుతుంటె, పోరన్ని ముంగట కూసోవెట్టుకోమని మా అమ్మ అడిగింది. మేస్త్రీ జాగ లేదన్నడు. గప్పుడు వాని కుక్క ముంగటి సీట్ల పండుకొని ఉండె."

ఇన్నేళ్ల కాపురంలో ఎద్దుల గురించి వేల మాటలు చెప్పిన మనిషి ఈ ముక్క ఒక్కటీ చెప్పలేదు. అట్లాంటి కుక్కలు ఆనకట్టల దారుల్లో చాలానే ఉండేవి. శిలాఫలకాల మీద పేర్లు మాత్రం పెద్దమనుషులవి.

వెంకటమ్మ సీటు మీద చేత్తో తట్టింది.

"మెత్తగనే ఉంది" అంది. "ఎన్క లేకుంటె ఏమాయె? ఎన్కకు ఎక్కి చూసినం గద ఇన్నొద్దులు."

"అంటె?"

"అంటె ఏంది? ఇది నీకు పనికిరాదు, నాకు ఎర్కే. నీకు కావాలె, అదిసుత ఎర్కే." తల బయటికి పెట్టి అరిచింది. "సారూ! ఎద్దులిస్తం. కోడేరు దాంక ట్రాక్టర్ కట్టి గుంజిపిచ్చే కర్చు నీది. తెల్లెద్దు పండుకుంటె కొట్టొద్దు, దానంతట అదే లేస్తది. వేరేటోల్లకు అమ్మొద్దు. ఆ కోడి పిల్లలైనంకనే లారీ కదులుతది."

"కోడి ఎవరిదో తెల్వదు పెద్దమ్మా!"

"ఎవరిదైతె ఏంది, పొదుగుతున్నది గద!"

దశరథం కిందికి దిగి అలవాటు చొప్పున ఇద్దరి చేతులూ కలపబోయి, అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య తన చోటు వెతుక్కుని ఒక క్షణం తికమకపడ్డాడు. చివరికి తన చేయి తానే మధుసూదన్ చేతిలో పెట్టాడు.

కోడి పిల్లలతో దిగిపోయాక, ఎద్దులు వనపర్తికి వచ్చాక, ఒక మధ్యాహ్నం ట్రాక్టర్ వెనుక ఇనుప రాడ్డు బిగించి లారీని రోడ్డెక్కించారు. స్టీరింగ్ దగ్గర దశరథం. రాడ్డు ఎటు గుంజితే అటు పోవడం తప్ప ఆయన చేసేదేమీ లేకపోయినా, చెమటలు కక్కుతూ తిప్పుతూనే ఉన్నాడు. పక్కన వెంకటమ్మ. ఎదురొచ్చే ప్రతి బస్సుకూ ఆయన చేయెత్తి సైగ చేస్తున్నాడు.

"వాళ్లెవరో నీకు ఎర్కనా?" అంది ఆమె.

"డ్రైవర్లు డ్రైవర్లకు గట్లనే చేస్తరు."

పొద్దు వాలుతుండగా గోపాల్‌పేట దాటాక పత్తి చేల గట్టు మీద కూలి ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. సంచులు నెత్తిన, వేళ్లకు పత్తికాయల గీతలు. పొద్దున వాళ్లను ఒక ఆటోలో కుక్కి తెచ్చినవాడు సాయంత్రం ఇంకో గిరాకీ దొరికి రాలేదు. ముందు నిలబడ్డ ఈరమ్మ చేయి అడ్డం పెట్టింది. ట్రాక్టర్ ఆగింది.

"అన్నా, జర ఎన్కకు ఎక్కించుకో" అంటూ ఆమె అలవాటుగా వెనక్కి పరుగెత్తింది. మిగతావాళ్లు ఆమె వెంట పోయారు. అక్కడ రెండు దూలాలు చూసి నిలబడిపోయారు.

"ఇదేం లారీ? ఎన్కనే లేదు!"

"లేదు" అని క్యాబిన్‌లోంచి అరిచాడు దశరథం. "ముంగటికే రాండ్రి."

"ముంగటికా? మేమా?"

"మీరే. ఎక్కుర్రి."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఒక్కసారిగా తలుపు మీద పడ్డారు. సంచులొచ్చాయి, సద్ది టిఫినీలొచ్చాయి, మోచేతులొచ్చాయి. వెంకటమ్మ గేరు కర్రకు అతుక్కుపోయింది.

"నా సీటు! నా సీటు మీద ఎవరే?"

"జర సర్దుకో వదినా, దినాం నీదే కద!"

"కిటికీ కాడ నేను కూసుంట" అంది ఈరమ్మ. "నాకు బండి పడదు, కక్కొస్తది."

"ఎప్పుడొచ్చిందే నీకు?" అని లోపలి నుంచి ఇంకో గొంతు లేచింది. "నిన్నటి దాంక ఆటో ఎన్క యాలాడుకుంట పాటలు పాడితివి!"