పచ్చి గచ్చు మీద పరుగు

కేన్సర్‌ని జయించాడని ఎవరైనా ఆయన్ని పొగిడితే పక్కనున్న భార్య నవ్వు ఆపుకునేది. జయించిన వీరుడు అన్నం పళ్లెం వదిలేసి మరుగుదొడ్డికి పరిగెత్తినట్టు ఏ కథలోనూ రాయరు మరి.

ఆయన టైల్స్ పరిచే మేస్త్రీ. నేల సమంగా ఉందో లేదో చూసే రసమట్టాన్ని చంకలోంచి దించడు కాబట్టి తోటివాళ్లు ఆ పేరే పెట్టేశారు. భార్య తమ్ముడే జోడీ పనివాడు. ఇద్దరూ లోపలి మూలన మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ గుమ్మం దగ్గర తేలతారు. పరిచిన నేలను మర్నాటిదాకా ఎవరూ తొక్కకూడదు, ఇంటి యజమాని అయినా సరే.

ప్రోస్టేట్ గ్రంథికి వచ్చిన కేన్సర్ రేడియేషన్‌తో పోయింది. ఏడాది తిరిగేసరికి పేగు మాట వినడం మానేసింది. తనిఖీకి వెళ్లినప్పుడల్లా డాక్టరు "అంతా బాగేనా?" అనేవాడు, ఈయన "బాగే సార్" అనేవాడు. ఇద్దరికీ పని తొందరగా తెమిలిపోయేది.

"చెప్పొచ్చుగా" అనేది భార్య.

"ప్రాణం నిలబెట్టినాయన దగ్గరికెళ్లి లాగు గురించి ఫిర్యాదు చెయ్యమంటావా?"

"ఉతికేది నేను. నేనే వచ్చి చేస్తా."

"నోరు మూసుకో. మీ తమ్ముడి చెవిన వేశావో, చూడు."

ఒక సాయంత్రం, ఒక లెక్చరరమ్మ కట్టించుకుంటున్న ఇంట్లో హాలు పని ముగిసింది. బావమరిది తెల్ల సిమెంటు కోసం బజారుకెళ్లాడు. రసమట్టం గుమ్మంలో ఉన్నాడు, మరుగుదొడ్డి హాలుకి అవతల. మధ్యలో పచ్చి గచ్చు. కడుపు మెలిపెట్టింది. చుట్టూ తిరిగి వెనక తలుపు దాకా వెళ్లే వ్యవధి లేదు. పరిగెత్తాడు. అప్పటికే బట్టలు పాడయ్యాయి. కుంగిన టైల్స్ సర్దడానికి ఆగకుండా, వెనక తలుపులోంచి ఇంటికి జారుకున్నాడు.

తెల్లారేసరికి అవి కుంగినచోటే గట్టిపడ్డాయి.

"ఎవరు తొక్కారు మేస్త్రీ?" లెక్చరరమ్మ చూపు బావమరిది మీదుంది. "ఇతనికి తొందరెక్కువలా ఉందే."

రసమట్టం తల వంచుకుని "వాడికి నేను చెప్తాలెండి" అన్నాడు.

బావమరిది తాపీ కడుక్కుని సంచిలో వేసుకున్నాడు. "సరే బావా" అని వెళ్లిపోయాడు. వేరే జట్టు కట్టుకున్నాడు. అక్కను చూడ్డానికొచ్చినా గుమ్మంలో నిలబడే మాట్లాడి పోయేవాడు.

చాలాకాలానికి ఆసుపత్రికి కొత్త నర్సు వచ్చింది. "బాత్రూముకి పరిగెత్తాల్సి వస్తోందా పెద్దాయనా? ఎప్పుడైనా బట్టల్లో పోయిందా?" అని, భోంచేశావా అన్నంత మామూలుగా అడిగింది. రసమట్టం కుర్చీలోనే ఏడ్చేశాడు. రేడియేషన్ వల్ల పేగు దెబ్బతిందని పరీక్షల్లో తేలింది. భోజనానికి ముందు మాత్ర, తిండిలో మార్పులు, మలద్వారపు కండరాలు బిగించే వ్యాయామం. పూర్తిగా నయం కాలేదు గానీ పరుగు తగ్గింది. ఓర్పు గొప్ప గుణమని బోధించేవాళ్లు, ఈ ఓర్పు ఎవరికి పనికొచ్చిందో కాస్త చెప్పాలి.

రసమట్టం బావమరిది పనిచేస్తున్న ఇంటికెళ్లి గుమ్మంలో నిలబడి అంతా చెప్పాడు. అతను ఇటు తిరగకుండా, టైలు మీద టైలు పరుస్తూ, వెనక్కి జరుగుతూ విన్నాడు.

"తొక్కింది నువ్వేనని అప్పుడే తెలుసు బావా. నీ చెప్పుల అచ్చు నాకు తెలీదా? ఎందుకన్నదే అర్థం కాలేదు. ముందురోజే నాకో మాట చెప్పుంటే, నేనే తొక్కానని నేనే అనేవాణ్ణి."

"మళ్లీ కలిసి చేద్దాం, వస్తావా?"

"నన్ను నమ్ముకున్న జట్టుందిగా, బావా."

ఆఖరి టైలు గుమ్మం దగ్గర కూర్చుంది. బావమరిది తన మట్టం తనే తీసి చూసుకున్నాడు. రసమట్టానికి తన చంకలోది దించే పని పడలేదు.